పాత సర్వర్ మీద పన్నెండు వర్చువల్ రూటర్లు: అసలు పని లింకుల దగ్గరే

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక ఆఫీసు తీసేసిన రెండు సాకెట్ల సర్వర్ మీ చేతికి వచ్చింది. జియాన్ ఈ5-2600 వీ2 ప్రాసెసర్లు, 64 గిగాబైట్ల మెమరీ, నాలుగు పోర్టుల గిగాబిట్ కార్డు ఉన్నాయి. దాని మీద పది పన్నెండు వర్చువల్ రూటర్లు, అంటే సాఫ్ట్‌వేర్‌గా నడిచే రూటర్లు, పెట్టి ఓఎస్‌పీఎఫ్ (ఒక నెట్‌వర్క్ లోపల దారులు వెతికే ప్రోటోకాల్), బీజీపీ (వేర్వేరు నెట్‌వర్క్‌లు దారులు పంచుకునే ప్రోటోకాల్), ఎంపీఎల్ఎస్ (ప్యాకెట్లకు లేబుళ్లు తగిలించి నడిపే పద్ధతి) నేర్చుకోవాలి. వీలైతే ఇంటి ఇంటర్నెట్‌ను కూడా వాటిలో ఒక రూటర్ గుండానే పంపాలి. యంత్రం సరిపోతుందా, ఏ రూటర్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి అన్నది ప్రశ్న.

యంత్రం సరిపోతుంది. సరైన రకం ఎంచుకుంటే పన్నెండేమిటి, అరవై రూటర్లు కూడా నడుస్తాయి. అయితే ఇలాంటి ల్యాబ్‌లు కట్టేవారిలో నేను మళ్లీ మళ్లీ చూసేది ఒకటుంది. అందరూ రూటర్ల గురించి ఆలోచిస్తారు, వాటి మధ్య లింకుల గురించి ఎవరూ ఆలోచించరు. "నైబర్ (పొరుగు రూటర్) రావడం లేదు" అని ఎవరైనా చెప్పినప్పుడు తప్పు చాలాసార్లు రూటర్ కాన్ఫిగరేషన్‌లో ఉండదు. రెండు రూటర్లను కలిపే బ్రిడ్జిలోనో (సాఫ్ట్‌వేర్ స్విచ్), ఎంటీయూలోనో (లింకు మోయగల అతి పెద్ద ప్యాకెట్ పరిమాణం), హోస్ట్ (వీటన్నిటినీ నడిపే అసలు యంత్రం) ఫైర్‌వాల్‌లోనో ఉంటుంది. అందువల్ల ఈ సమాధానంలో పెద్ద వాటా లింకులకే ఇస్తున్నాను.

ముందు మెమరీ సంగతి. ల్యాబ్‌లో ప్రాసెసర్ కన్నా ముందు నిండేది మెమరీయే. ఎంత కావాలన్నది మీరు ఎంచుకునే రూటర్‌ను బట్టి విపరీతంగా మారుతుంది. చిన్న రూటింగ్ పట్టికతో ఎఫ్ఆర్ఆర్ అనే ఉచిత రూటింగ్ సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్‌లో (హోస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్‌నే పంచుకునే తేలికపాటి పెట్టె) నడిపితే వంద మెగాబైట్లు కూడా పట్టదు. వయోస్ అనే రూటర్ వ్యవస్థను పూర్తి వర్చువల్ మెషిన్‌గా (యంత్రంలో యంత్రంగా) పెడితే ఒక గిగాబైట్ కేటాయించండి. సిస్కో క్యాటలిస్ట్ 8000వీ కనీసం నాలుగు గిగాబైట్లు అడుగుతుంది. జునిపర్ వీజునోస్ రూటర్‌కు ఐదు గిగాబైట్లు, నాలుగు వర్చువల్ కోర్లు కావాలి. పైగా అది తన లోపల మరో వర్చువల్ మెషిన్‌ను నడుపుతుంది కాబట్టి హోస్ట్‌లో నెస్టెడ్ వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. ఇవి పన్నెండు పెడితే మీ 64 గిగాబైట్లలో హోస్ట్‌కు మిగిలేది పెద్దగా ఉండదు. అవే పన్నెండు ఎఫ్ఆర్ఆర్ కంటైనర్లయితే రెండు గిగాబైట్లు కూడా దాటవు.

నా సలహా కలగలుపు. మీరు నిజంగా నేర్చుకోవాలనుకునే కంపెనీ రూటర్లను ల్యాబ్ మధ్యలో రెండో మూడో పెట్టండి. అంచుల్లో ఉండే కస్టమర్ రూటర్లు, ట్రాన్సిట్ ఇచ్చే (ఇతరుల ట్రాఫిక్ మోసే) పొరుగు నెట్‌వర్క్‌లు, రూట్ రిఫ్లెక్టర్లు (బీజీపీ రూట్లను మిగతా రూటర్లకు తిరిగి పంచేవి), ఇవన్నీ ఎఫ్ఆర్ఆర్ లేదా అలాంటిదే అయిన బర్డ్ కంటైనర్లు కానివ్వండి. ప్రోటోకాల్ ఒకటే కాబట్టి అవతలి వైపు ఎవరున్నారో బీజీపీకి పట్టదు. పైగా వేర్వేరు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునేటప్పుడు బయటపడే తేడాలు చూస్తేనే ప్రమాణాలు ఎందుకు అంత నిక్కచ్చిగా రాస్తారో అర్థమవుతుంది. నోకియా రూటర్ వ్యవస్థ ఎస్ఆర్ లైనక్స్ కంటైనర్ ఇమేజ్ (నడపడానికి సిద్ధంగా ఉండే ఫైలు) ఉచితంగా, రిజిస్ట్రేషన్ లేకుండా దొరుకుతుంది. కంటైనర్‌ల్యాబ్ అనే పనిముట్టుతో కలిపితే మొత్తం టోపాలజీని (ఏది దేనికి కలిసిందో చెప్పే పటాన్ని) ఒకే టెక్స్ట్ ఫైలులో రాసి, ఒక్క కమాండ్‌తో నిలబెట్టి, మరో కమాండ్‌తో కూల్చేయవచ్చు. మైక్రోటిక్ వర్చువల్ రూటర్ సీహెచ్ఆర్ ఉచిత లైసెన్సులో ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు వేగం సెకనుకు 1 మెగాబిట్‌కే పరిమితం. రూటింగ్ నేర్చుకోవడానికి అది చాలు, వేగం కొలవడానికి చాలదు. సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత శ్రేణిలో ఒకేసారి ఐదు నోడ్‌లు నడపవచ్చు. ఎక్కడో అప్‌లోడ్ చేసిన ఇమేజ్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. లైసెన్సు సంగతి అలా ఉంచినా, అందులో ఎవరు ఏం చేర్చారో తెలియని రూటర్‌ను ఇంటి నెట్‌వర్క్‌లో బూట్ చేయడం మంచి పని కాదు.

కొందరు వీఆర్ఎఫ్‌లతో (ఒకే రూటర్ లోపలి విడి రూటింగ్ పట్టికలు) సరిపెట్టవచ్చు కదా అంటారు. లైనక్స్‌లో 2015లో వచ్చిన 4.3 కెర్నల్ (వ్యవస్థ కేంద్ర భాగం) నుంచి వీఆర్ఎఫ్ ఉంది. ఒకే కెర్నల్‌లో విడివిడి రూటింగ్ పట్టికలు పెట్టుకోవచ్చు. కానీ ల్యాబ్‌లో మనకు కావలసింది రూటర్లు విడివిడిగా చావడం, విడివిడిగా లేవడం. అది వీఆర్ఎఫ్ ఇవ్వదు, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ (కెర్నల్ ఇచ్చే పూర్తిగా విడి నెట్‌వర్క్) ఇస్తుంది. కంటైనర్ అంటే లోపల ఉన్నది ఆ నేమ్‌స్పేసే. వీఆర్ఎఫ్‌ను రూటర్ లోపల వీపీఎన్ నేర్చుకోవడానికి ఉంచుకోండి, రూటర్‌కు బదులుగా వాడకండి.

ఇక యంత్రం. కొత్త రూటర్ పెట్టే ముందు మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను ఒక రాత్రంతా నడపండి. డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడండి. ఇలాంటి పాత సర్వర్లలో మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీని అందరూ మర్చిపోతారు. అది చచ్చిపోయి ఉంటే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బయోస్ అమరికలు మొదటికి వస్తాయి. వర్చువలైజేషన్ ఆఫ్ అయిపోతుంది, నిన్నటిదాకా నడిచిన వర్చువల్ మెషిన్లు ఈ రోజు లేవవు, కారణం ఎంత వెతికినా దొరకదు. ముందే మార్చేయండి. బయోస్‌లో వీటీ-ఎక్స్ (వర్చువల్ మెషిన్లకు కావలసింది), వీటీ-డీ (పరికరాన్ని నేరుగా వర్చువల్ మెషిన్‌కు ఇవ్వడానికి కావలసింది) రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. రిమోట్ నిర్వహణ పోర్టు ఉంటే దాని ఫర్మ్‌వేర్ పాతదని గుర్తుంచుకుని, దాన్ని ఎప్పుడూ ఇంటర్నెట్ వైపు తెరవకండి.

మీ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సముదాయం లేదు. అది తర్వాతి హాస్వెల్ తరంతో వచ్చింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 10 లాంటి కొత్త వ్యవస్థలకు అది కావాలి కాబట్టి వాటిని ఆధారంగా చేసుకున్న ఇమేజ్‌లు మీ దగ్గర బూట్ కావు. వర్చువల్ మెషిన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ వాడేటట్లయితే ప్రతి వర్చువల్ మెషిన్‌కు సీపీయూ రకాన్ని "హోస్ట్" అని పెట్టండి. లేకపోతే ప్రాసెసర్‌లో ఉన్న సౌకర్యాలు కూడా కొన్ని లోపలికి కనబడవు.

విద్యుత్తు విషయం తేలిగ్గా తీసుకోకండి. రెండు సాకెట్ల యంత్రం ఏ పనీ చేయకుండా కూర్చున్నా వంద వాట్ల చుట్టుపక్కల తాగుతుంది. ఏడాది పొడవునా వంద వాట్లు అంటే 876 యూనిట్లు. రెండో ప్రాసెసర్‌ను తీసేస్తే కొంత తగ్గుతుంది, కానీ దానికి అనుబంధంగా ఉన్న మెమరీ స్లాట్లు, కొన్ని పీసీఐ స్లాట్లు కూడా పనిచేయవు. మీ మెమరీ అంతా మొదటి ప్రాసెసర్ స్లాట్లలో పడితే తీసేయడమే మంచిది. ఇంకా ఏమీ కొనని వారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి నా మాట: ల్యాబ్ కోసమే అయితే ఆఫీసులు వదిలించుకునే బుల్లి డెస్క్‌టాప్ ఒకటి తీసుకుని మెమరీ పెంచుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు పది పదిహేను వాట్లతో సరిపెట్టుకుంటుంది, శబ్దం ఉండదు. ఒకే నెట్‌వర్క్ పోర్టు ఉంది కదా అని వెనకాడనక్కరలేదు. వీల్యాన్‌లు (ఒకే తీగ మీద విడి నెట్‌వర్క్‌లు) తెలిసిన స్విచ్ ఒకటి ఉంటే ఆ ఒక్క పోర్టునే ట్రంక్ చేసి 802.1క్యూ ట్యాగులతో ఎన్ని విభాగాలు కావాలంటే అన్ని చేసుకోవచ్చు.

ఖాళీగా ఉన్న ల్యాబ్ కూడా ప్రాసెసర్‌ను తినేసే సందర్భం ఒకటుంది. డీపీడీకే (కెర్నల్‌ను దాటి ప్యాకెట్లను నేరుగా అందుకునే లైబ్రరీ) మీద నడిచే రూటర్లు ప్యాకెట్ కోసం ఎదురుచూడవు, వచ్చిందా వచ్చిందా అని నిరంతరం అడుగుతూనే ఉంటాయి. ఒక్క ప్యాకెట్ లేకపోయినా వాటికి ఇచ్చిన కోర్ నూరు శాతం వినియోగంలో కనబడుతుంది. అది జబ్బు కాదు, వాటి పని తీరే అంత. అలాంటివి మూడు నాలుగు ఒకేసారి నడిపితే మాత్రం మీ సర్వర్ ఫ్యాన్లు చెబుతాయి. ఆ రూటర్‌లో తేలికపాటి మోడ్ ఉంటే ల్యాబ్‌కు అదే పెట్టండి.

మామూలు కెర్నల్ ఫార్వర్డింగ్‌తో వేగం ఎంత వస్తుందని చాలామంది అడుగుతారు. బిట్లలో కాదు, ప్యాకెట్లలో ఆలోచించండి. ఒక గిగాబిట్ లింకు నిండా 1518 బైట్ల ఫ్రేములు పంపితే సెకనుకు 81 వేల చిల్లర ప్యాకెట్లు. అదే లింకును 64 బైట్ల ఫ్రేములతో నింపితే సెకనుకు 14.88 లక్షలు. రూటర్‌కు ఖర్చయ్యేది ప్యాకెట్‌కు, బైటుకు కాదు. మీ సర్వర్ మొదటి లెక్కను సునాయాసంగా మోస్తుంది, రెండోదానికి మోకాళ్ల మీద పడుతుంది. వర్చువల్ మెషిన్ ఇంటర్‌ఫేస్ రకం ఎప్పుడూ వర్టియో (వర్చువల్ మెషిన్ల కోసమే చేసిన కార్డు రకం) పెట్టండి. పాత ఇంటెల్ కార్డు ఈ1000 అనుకరణను అది తప్ప మరొకటి గుర్తించని పాత ఇమేజ్‌లకే పరిమితం చేయండి.

ఇప్పుడు లింకుల దగ్గరకు వస్తాను.

నిజమైన కేబుల్‌కు ఒక గుణం ఉంది. ఒక చివర పోర్టు ఆపేస్తే రెండో చివర ఉన్న రూటర్‌కు వెంటనే తెలుస్తుంది. లైనక్స్ బ్రిడ్జి మీద కలిపిన రెండు వర్చువల్ మెషిన్ల మధ్య ఆ గుణం లేదు. ఒక రూటర్‌లో ఇంటర్‌ఫేస్ ఆపినా రెండో రూటర్ బ్రిడ్జినే చూస్తుంది, బ్రిడ్జి బాగానే ఉంది కాబట్టి లింకు పైనే ఉందనుకుంటుంది. ఫలితంగా ఓఎస్‌పీఎఫ్ నలభై సెకన్ల డెడ్ టైమర్ (పొరుగు రూటర్ పలకకపోతే వేచి చూసే గడువు) అయిపోయేదాకా పాత దారినే పట్టుకుని ఉంటుంది. బీజీపీ అయితే చాలా రూటర్లలో 180 సెకన్ల హోల్డ్ టైమర్ దాకా. కొత్తగా నేర్చుకునేవారు ఇది చూసి ఓఎస్‌పీఎఫ్ ఇంత నెమ్మదా అని తప్పుడు అభిప్రాయానికి వస్తారు. ప్రోటోకాల్ తప్పు కాదది, మనం ఇచ్చిన లింకు తప్పు. రెండు మార్గాలున్నాయి. కంటైనర్ల మధ్య బ్రిడ్జి పెట్టకుండా నేరుగా వెత్ జత (రెండు చివరలున్న వర్చువల్ కేబుల్) వాడండి. ఒక చివర ఆపితే రెండో చివర కూడా పడిపోతుంది, అచ్చం కేబుల్ తీరే. వర్చువల్ మెషిన్ల మధ్య అయితే బీఎఫ్‌డీ (లింకు బతికుందో లేదో చకచకా అడిగే ప్రోటోకాల్) పెట్టండి. ఎఫ్ఆర్ఆర్‌లో డిఫాల్టుగా 300 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ చొప్పున, మూడు తప్పితే లింకు పోయినట్టు లెక్క. అంటే సెకను లోపే తెలుస్తుంది. బీఎఫ్‌డీ లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి లింకు తెంపి పింగ్ ఎంతసేపు ఆగిందో మీరే చూడండి. పెద్ద నెట్‌వర్క్‌ల వాళ్లు దాని కోసం ఎందుకు పట్టుబడతారో అక్కడే తెలుస్తుంది.

రెండోది ఎంటీయూ. దీన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. రెండు రూటర్లలో ఒకదాని ఎంటీయూ 9000, రెండోదానిది 1500 అనుకోండి. పింగ్ వెళుతుంది. హలోలు (పొరుగును పలకరించే చిన్న ప్యాకెట్లు) వెళతాయి. నైబర్ కనబడుతుంది, కానీ సమాచార మార్పిడికి ముందరి ఎక్స్‌స్టార్ట్ స్థితిలోనే ఆగిపోతుంది. ఎందుకంటే డేటాబేస్ వివరణ ప్యాకెట్‌లో పంపేవారి ఎంటీయూ రాసి ఉంటుంది, అది తనకన్నా పెద్దదైతే అందుకునేవారు తిరస్కరిస్తారు. ఇది అందరికీ తెలిసిన కేసే. దీనికన్నా చెడ్డది మరొకటుంది: రెండు చివరలా 9000, మధ్యలోని బ్రిడ్జి 1500. ఇక్కడ మొదట్లో అంతా బాగుంటుంది, నైబర్ పూర్తిగా వస్తుంది. ల్యాబ్ పెరిగి, రూట్లు పెరిగి, ప్యాకెట్ 1500 దాటిన రోజున నిన్న పనిచేసిన లింకు ఈ రోజు తెగుతుంది. మీరు ఆ రోజు మార్చినదాంట్లో తప్పు వెతుకుతారు, తప్పేమో మొదటి రోజునే పడి ఉంటుంది. ఓఎస్‌పీఎఫ్ లాంటిదే అయిన ఐఎస్-ఐఎస్ ఈ విషయంలో నాకు ఎక్కువ నచ్చుతుంది. డిఫాల్టుగా హలో ప్యాకెట్‌నే ఎంటీయూ నిండే వరకు పొడిగించి పంపుతుంది కాబట్టి మధ్యలో ఇరుకు ఉంటే పొరుగు సంబంధం అసలు మొదలే కాదు, ఆ క్షణంలోనే పట్టుబడుతుంది. ఓఎస్‌పీఎఫ్ వాడితే ఆ పరీక్ష మీరే చేయాలి. ప్రతి కొత్త లింకు మీద ముక్కలు చేయవద్దనే డీఎఫ్ బిట్‌తో, 1500 ఎంటీయూకు 1472 బైట్ల పింగ్ పంపండి. మిగతా 28 బైట్లు ఐపీ, ఐసీఎంపీ హెడర్లవి. అది వెళ్లాకే ప్రోటోకాల్ ఆన్ చేయండి.

మూడోది హోస్ట్ ఫైర్‌వాల్. హోస్ట్ మీద కంటైనర్లను నడిపే డాకర్ పెట్టిన క్షణం నుంచి బ్రిడ్జి మీద పోయే ప్యాకెట్లను కూడా కెర్నల్ తన ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌కు చూపించవచ్చు. డాకర్ ఫార్వర్డ్ చైన్ పాలసీని డ్రాప్‌కు మారుస్తుంది, అంటే హోస్ట్ గుండా దాటిపోయే ప్యాకెట్లను పారేయమంటుంది. రెండు వర్చువల్ మెషిన్లు ఒకే బ్రిడ్జి మీద ఉన్నా, ఏఆర్‌పీతో ఒకదాని మ్యాక్ చిరునామా మరొకదానికి తెలుస్తున్నా, ఐపీ ప్యాకెట్ పోదు. ఈ లక్షణం కనబడితే రూటర్ వదిలి నేరుగా హోస్ట్‌లో బ్రిడ్జి నెట్‌ఫిల్టర్ అమరిక చూడండి. ల్యాబ్ బ్రిడ్జిలకు దాన్ని ఆపేయడం మంచిది. అలాగే దారి ఒకవైపు, తిరుగుదారి మరోవైపు ఉండే టోపాలజీల్లో రివర్స్ పాత్ ఫిల్టర్ (వచ్చిన వైపే తిరుగుదారి ఉందా అని చూసే తనిఖీ) ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. కంటైనర్ రూటర్లలో దాన్ని కూడా ఆపండి.

ఎల్ఎల్‌డీపీ (పక్క పరికరం ఏదో చెప్పే ప్రోటోకాల్) నైబర్లు కనబడకపోతే ఆశ్చర్యపోకండి. లైనక్స్ బ్రిడ్జి ప్రమాణం ప్రకారమే ఆ ఫ్రేములను ముందుకు పంపదు. బ్రిడ్జిలోని గ్రూప్ ఫార్వర్డ్ మాస్క్ అమరికను 16384గా పెడితే వెళతాయి. పీఎఫ్‌సెన్స్ లేదా ఓపీఎన్‌సెన్స్ ఫైర్‌వాల్‌ను కేవీఎం (లైనక్స్‌లోని వర్చువల్ మెషిన్ సౌకర్యం) మీద వర్టియోతో నడిపితే హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్‌ను (ప్యాకెట్ తనిఖీ లెక్కను కార్డుకు వదిలేయడం) ఆపండి. లేదంటే పింగ్ వెళ్లి వెబ్ పేజీ తెరుచుకోని వింత పరిస్థితి ఎదురవుతుంది. వర్చువల్ మెషిన్‌ను క్లోన్ చేశాక మ్యాక్ చిరునామా, రూటర్ ఐడీ రెండూ మారాయో లేదో చూడండి. ఒకే రూటర్ ఐడీ రెండు చోట్ల ఉంటే ఓఎస్‌పీఎఫ్ రూట్లు వస్తూ పోతూ ఉంటాయి.

సుదూర లింకును అనుకరించాలంటే లైనక్స్‌లోని నెటెమ్‌తో ఆలస్యం పెట్టండి. అది బయటకు వెళ్లే దిశలోనే పనిచేస్తుంది కాబట్టి రెండు చివరలా పెట్టాలి. దాని క్యూ పరిమితి డిఫాల్టుగా వెయ్యి ప్యాకెట్లే. గిగాబిట్ వేగంలో 50 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే దారిలో ఉండే ప్యాకెట్లే నాలుగు వేలు దాటుతాయి. అంటే మీరు ఆలస్యం అడిగితే అది నష్టం కూడా ఇస్తుంది. పరిమితిని ముందే పెంచండి.

ఇక ఇంటి ఇంటర్నెట్. దీని మీద నా అభిప్రాయం గట్టిది: ల్యాబ్ రూటర్ గుండా పంపకండి. ల్యాబ్ ఉన్నదే పాడుచేసి చూడటానికి. ఇంట్లో వాళ్లు ఆ లైను మీద చదువుకుంటుంటే, పని చేసుకుంటుంటే మీరు ధైర్యంగా ఏదీ పాడుచేయరు, అప్పుడు నేర్చుకోవడం ఆగిపోతుంది. పైగా హోస్ట్ డీఎన్ఎస్ (పేరును చిరునామాగా మార్చే సేవ) కోసం తన లోపలి వర్చువల్ మెషిన్ మీదే ఆధారపడితే, అది లేవనప్పుడు బాగుచేయడానికి కావలసిన సమాచారం కూడా మీకు అందదు. ఇంటికి ఇప్పుడున్న చిన్న రూటర్‌ను అలాగే ఉంచి, దాని వెనుక ల్యాబ్‌కు ఒకే ఒక్క ద్వారం ఇవ్వండి, అక్కడ న్యాట్ (ల్యాబ్ చిరునామాలను ఒకే చిరునామా వెనుక దాచడం) చేయండి. మిగతా ల్యాబ్ బ్రిడ్జిలు వేటికీ భౌతిక పోర్టు తగిలించకండి. ఈ ఒక్క నియమం పాటిస్తే ల్యాబ్‌లోని డీహెచ్‌సీపీ సర్వర్ ఇంటి ఫోన్లకు చిరునామాలు పంచదు, ల్యాబ్ రూటర్ పంపే ఐపీవీ6 ప్రకటనలు ఇంటి కంప్యూటర్ల డిఫాల్ట్ దారిని ఎత్తుకుపోవు.

అయినా ఒకే యంత్రంతో ఇంటిని కూడా నడపాలన్నదే మీ నిర్ణయమైతే, ఆ రూటర్‌ను ల్యాబ్ నుంచి పూర్తిగా వేరు చేయండి. నాలుగు పోర్టుల్లో రెండింటిని పీసీఐ పాస్‌త్రూతో దానికే ఇచ్చేయండి. అది మొదట లేచేలా క్రమం పెట్టండి. హోస్ట్ నిర్వహణకు వేరే పోర్టు, స్థిరమైన చిరునామా ఉంచండి. పాత రూటర్‌ను కాన్ఫిగరేషన్‌తో సహా పక్కన సిద్ధంగా పెట్టుకోండి.

ల్యాబ్ లోపల ప్రతి రూటర్‌కు నిర్వహణ కోసం ఒక ఇంటర్‌ఫేస్‌ను విడి వీఆర్ఎఫ్‌లో పెట్టండి, సీరియల్ కన్సోల్ కూడా ఉంచండి. రూటింగ్ పాడైనప్పుడు లోపలికి వెళ్లే దారి రూటింగ్ మీద ఆధారపడకూడదు. బీజీపీలో ఒక్కో నెట్‌వర్క్‌ను గుర్తించే ఏఎస్ సంఖ్యలను 64512 నుంచి 65534 వరకు ఉన్న ప్రైవేటు శ్రేణి నుంచే తీసుకోండి. ఇంటర్నెట్ పూర్తి పట్టికను లోపలికి తెచ్చుకోవాలన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. 2014 ఆగస్టులో ఆ పట్టిక 5,12,000 రూట్లు దాటినప్పుడు పాత రూటర్ల హార్డ్‌వేర్ పట్టికలు నిండి చాలా చోట్ల అంతరాయాలు కలిగాయి. ఇప్పుడది దాదాపు రెట్టింపు. సాఫ్ట్‌వేర్ రూటర్‌కు ఆ పరిమితి లేదు, మెమరీ ఇస్తే మోస్తుంది. అది ఒక్క రూటర్‌కే ఇచ్చి, మిగతావాటికి డిఫాల్ట్ రూటు పంపండి.

కట్టే క్రమం ఇలా పెట్టుకోండి. ముందు మూడు ఎఫ్ఆర్ఆర్ కంటైనర్లు త్రిభుజంగా, ఓఎస్‌పీఎఫ్ మాత్రమే. ఒక లింకు తెంపండి, లింకుల మీద టీసీపీడంప్ కమాండ్‌తో ప్యాకెట్లు చూడండి. వర్చువల్ ల్యాబ్‌కు ఉన్న అతి పెద్ద లాభం ఇదే. ఏ లింకు మీదైనా, ఏ క్షణంలోనైనా, ఏ పరికరమూ కొనకుండా ప్యాకెట్ పట్టుకోవచ్చు. తర్వాత బీజీపీ, తర్వాత కంపెనీ రూటర్లు, చివరికి ఎంపీఎల్ఎస్.

ఎంపీఎల్ఎస్ దగ్గర లైనక్స్ మూడు చోట్ల తలుపు మూసి ఉంచుతుంది. కెర్నల్ మాడ్యూళ్లను సాధారణంగా మనమే లోడ్ చేయాలి, అదీ కంటైనర్‌లో కాదు, హోస్ట్‌లో. లేబుళ్ల పట్టిక పరిమాణం డిఫాల్టుగా సున్నా, దాన్ని ప్రతి నేమ్‌స్పేస్‌లో పెంచాలి. లేబుల్ ఉన్న ప్యాకెట్లను తీసుకోవడానికి ప్రతి ఇంటర్‌ఫేస్‌లో విడిగా అనుమతి ఇవ్వాలి. ఒక్కటి మరిచినా ఎల్‌డీపీ (లేబుళ్లను పంచే ప్రోటోకాల్) సెషన్ పచ్చగా కనబడుతూనే ట్రాఫిక్ మాయమవుతుంది. లేబుల్‌కు నాలుగు బైట్లు, వీపీఎన్‌లో రెండు లేబుళ్లు కాబట్టి మధ్య లింకుల ఎంటీయూ కనీసం 1508 ఉండాలి. ఆ దశలో ఎక్కడైనా ఆగితే రెండు చివరల లేబుల్ పట్టికలు, మధ్య లింకు మీద పట్టిన ప్యాకెట్లు జతచేసి అడగండి, చూసి చెబుతాను.